కాకిని వాలనివ్వని కుక్క

మా గంగులు మావ గోనెసంచి పట్టుకుని ఇంట్లోకి వచ్చినప్పుడే నాకు సంగతి అర్థమైపోయింది. కట్టెలకి గోనె అక్కర్లేదు. ఎండుచేపలకి తట్టలున్నాయి. మా పేటలో ఎవరింట్లోనైనా పిల్లి బరువైనా, కుక్క బరువైనా ఒకటే పద్ధతి. సంచిలో వేసి మూతి కట్టి, పడవలో వంశధార దాటించి, అవతలి ఒడ్డున విప్పేసి, వెనక్కి చూడకుండా వచ్చేయడమే. సంచి ఎందుకంటే దారి కనబడకూడదని. ఏరు ఎందుకంటే వాసన తెగిపోవాలని. ఎంత బాగా ఆలోచించారో చూడండి! ఈ తెలివి ఇంకో పనికి వాడి ఉంటే మా పేట ఎప్పుడో బాగుపడేది.

"ఏటి మావా అది?" అన్నాను, తెలియనట్టు.

"ఏటుంటాది, గోనె," అన్నాడు, నా మొహం చూడకుండా.

"దేనికి?"

"నీకు తెల్దేటి? శివరాత్రి ఎల్లాక నాను సేపలేటకెల్లే లాంచీలో పనికెక్కాల. ఇశాపట్నంలో మనకి దొరికినది ఒక్క గది. కుక్కని తెత్తే గది ఇవ్వనని ఇంటాయన ముందే సెప్పేసినాడు. దీన్నేటి సేత్తాం మరి?"

నేను లేచి ఆయన చేతిలోంచి సంచి లాక్కున్నాను. నేల మీద పరిచి దాని మీద కూచున్నాను. కూచుని కవళ్ళ చేపలకి పొలుసు గీరడం మొదలుపెట్టాను.

"ఒసే, లెగు."

"లెగను."

"లెగవే, పడవోడు ఉంటాడో ఎల్లిపోతాడో!"

"ఎల్లిపోనీ. నన్ను కూడా ఇందులో కట్టి దాటించెయ్, ఓ పనైపోద్ది."

సొర మా ఇద్దరి మధ్యా కూచుని పొలుసు వంక చూస్తోంది. సొర అంటే మా కుక్క. ఆడది. ఒళ్ళంతా గోధుమరంగు, ఒక చెవి చిరిగి ఉంటుంది. కూనగా ఉన్నప్పుడు మా మావ పిక్క పట్టుకుని ఎంత లాగినా వదల్లేదు. "ఓరి బాబో, సొరచేపరా ఇది!" అని ఆయన అరిచిన అరుపే దాని పేరైంది. పేరు పెట్టిన మనిషే గోనె తెచ్చాడు. నా కడుపుమంట అది.

మావ చెడ్డవాడని కాదు. తాగి కొట్టే రకం కాదు. లోకం ఏం చేస్తే అది చేస్తాడు, అంతే. నాకు పేచీ ఎప్పుడూ అలాంటి మంచివాళ్ళతోనే.

సొర మా ఇంట్లో ఊరికే తిని పడుకున్న కుక్క కాదు. మేం ఇసుకలో నెత్తళ్ళు ఆరబోస్తే కాకులు దండు కట్టి దిగుతాయి. ఆడవాళ్ళం కర్ర పట్టుకుని ఎండలో కూచుని తోలుకోవాలి. సొర వచ్చాక నా కర్రకి పని లేకుండా పోయింది. కాకి అక్కర్లేదు, కాకి నీడ ఇసుక మీద పడితే చాలు, లేచి దూకేది. కాకి వెళ్ళాక మళ్ళీ వెళ్ళి తాటాకు పందిరి కింద మాటు వేసేది. అన్ని చేపల మధ్య ఉండి కూడా ఒక్కదాన్ని ముట్టేది కాదు. నేను చేత్తో పెడితేనే తినేది. పేటలో మనుషుల్లో ఎంతమందికి ఉంది ఆ నీతి?

"మావా," అన్నాను, "నన్ను నీకిచ్చినప్పుడు మా అయ్య నీ ఇల్లు సూసినాడేటి?"

"ఇప్పుడు ఆ గోల ఏలనే?"

"సూళ్ళేదు. కల్లుపాకలో మాటిచ్చేసినాడు. నా అదుష్టం బాగుండి నువ్వు మంచోడివైపోనావు గాని, కాకపోతే నా గతేటి? దీన్ని మాత్రం నాను ఇల్లు సూసే ఇత్తాను."

"కుక్కకి సంబంధం ఎతుకుతావేటే?"

"ఎతుకుతాను. తప్పేటి?"

"ఆడకుక్కని ఎవడు తీసుకుంటాడే, ఎర్రిదానా!"

"తీసుకునేవోడు తీసుకుంటాడు. నువ్వు లాంచీ ఎక్కు. దీనికి ఇల్లు దొరికినాకే నాను బస్సెక్కుతాను. దొరకలేదనుకో, ఎక్కను. ఒక్కడివే వండుకు తిను."

ఆయన తల కొట్టుకున్నాడు. సాయంత్రానికి పేటంతా తెలిసిపోయింది. వల బాగుచేసుకునే వాళ్ళ దగ్గర్నుంచి నీళ్ళకెళ్ళే వాళ్ళ దాకా అందరికీ నేనే నవ్వులాట. "లచ్చనమ్మ కూతురికి పెళ్ళిసూపులటర్రా!" అని ఒకరు, "కట్నం ఎండుసేపలా, పచ్చిసేపలా?" అని ఒకరు. నవ్వుకోండి అన్నాను. నవ్వేవాళ్ళలో ఒక్కరూ దాన్ని తమ ఇంట పెట్టుకుంటానని అనలేదు. పెట్టుకోనివాడికి నవ్వే హక్కు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాటి నుంచి గంప నెత్తిన పెట్టుకుని, సొరని వెంటబెట్టుకుని బయల్దేరాను. చేపలమ్మే మనిషికి తెలిసినట్టు ఇళ్ళ గుట్టు ఇంకెవరికీ తెలియదు. నరసన్నపేట దాకా దారిలో ఉన్న ఊళ్ళన్నీ నా కాళ్ళకి తెలుసు. గంప దించగానే మంచినీళ్ళిచ్చే ఇల్లేదో, బేరం కుదిరాక కూడా ఒక చేప లాక్కునే ఇల్లేదో నాకు తెలుసు. చేప తలని పిల్లికి వేసే చెయ్యేదో, పిల్లి మీదకి పీట విసిరే చెయ్యేదో కూడా తెలుసు. మా అయ్య ఇంత తెలుసుకుని ఉంటే ఎంత బాగుండేది!

అయినా సులువు కాలేదు. ప్రతివాడూ ముందు దాని తోక ఎత్తి చూసేవాడు. ఆడదని తెలియగానే మొహం చిట్లించేవాడు. "ఛీ, ఈనతాది," అనేవాడు. "మీ ఆవు ఈనితే పండగ సేత్తావు కాదేటి బాబూ?" అని అడిగితే కోపం వచ్చేది.

నరసన్నపేటలో ఒక బియ్యం కొట్టాయన మాత్రం ఎగబడి అడిగాడు. నా ఎదురుగానే కొత్త గొలుసు తెప్పించాడు, తళతళా మెరుస్తోంది. "పగలంతా కట్టేసి రేత్రి ఇప్పుతాం. అలాగైతే కోపం ఎక్కి బాగా కరుత్తాది," అన్నాడు.

"బాబూ, ఇంట్లో ఒక్కరికి కోపం ఉంటే సాలదేటి?" అని గంప ఎత్తుకున్నాను. వెనక నుంచి తిడుతున్నాడు. తిట్టనీ. ఆ గొలుసు ఆయన మెడలోనే వేసుకోమని అరిచి వచ్చాను.

ఇంకో ఊళ్ళో ఒకావిడ దయగలది, కుక్కని కూడా ముద్దుచేసింది. అంతా కుదిరిందనుకుని, "తల్లీ, కూనలు పుడితే ఏటి సేత్తావు?" అన్నాను. "ఏటుంది, కళ్ళు తెరవకుండా ఏట్లో ఏసేత్తాం," అంది, కూరకి ఉప్పు వేస్తాం అన్నంత మామూలుగా. ఆవిడిచ్చిన నీళ్ళు తాగి, దండం పెట్టి వచ్చేశాను. శివరాత్రి దగ్గరకొస్తోంది. రాత్రి మావ అడిగితే "దొరుకుతాదిలే," అనేదాన్ని గాని, నాకే నమ్మకం సన్నగిల్లుతోంది.

జగన్నాధంనాయుడు గారిల్లు నా లెక్కలో లేదు. ఇల్లు మంచిదే. ఆయన డెబ్బై దాటిన పెద్దరైతు, నవ్వితే ఊరంతా వినబడుతుంది. ఆయన భార్య జగ్గమ్మ గారే కుదరదనుకున్నాను. ఆవిడ మాట్లాడదు. చేప తీసుకుంటుంది, బేరమాడదు, మొహంలో ఏ సంగతీ తెలియదు. పైగా కుక్క గుమ్మం తొక్కితే నీళ్ళు చల్లే రకం.

ఆ రోజు వాళ్ళ కళ్ళంలో పెసలు ఆరబోసి ఉన్నాయి. నాయుడుగారు మంచం మీద కూచుని కాకుల్ని తిడుతున్నారు. తిట్లకి కాకులు కదులుతాయా? నేను గంప దించుతున్నాను, అంతే. సొర నా పక్కనుంచి బాణంలా పోయింది. కళ్ళంలో ఒక్క కాకి లేదు. పెసలమీద ఒక్క అడుగు పడలేదు. గట్టు చుట్టూ తిరిగొచ్చి గడ్డివాము నీడలో మాటు వేసింది.

నాయుడుగారు మంచం మీంచి లేచి నిలబడ్డారు. "ఓలప్పా! ఇదేటే లచ్చనమ్మా, కుక్కా, పోలీసా?"

"కుక్కే బాబూ. సూత్తన్నారుగా, ఒక్క కాకిని వాలనివ్వదు. ఇల్లు ఎతుకుతన్నాను దీనికి."

"మనింట ఒగ్గేయ్!"

"ఒగ్గను బాబూ. ఒదిలేసి పోడానికి రాలేదు, ఇత్తాను. ఇచ్చే ముందు అడగాల్సినవి అడుగుతాను."

ఆయన నవ్వారు. "పిల్లనిత్తన్నావేటే, కుక్కనిత్తన్నావా?"

"ఏదిచ్చినా అడగాల కదా బాబూ."

అడిగాను. గొలుసు వెయ్యకూడదు అన్నాను. కూనలు పుడితే ఏట్లో వెయ్యకుండా నాకు కబురంపాలి, ఇశాపట్నం నుంచైనా వచ్చి వాటికీ ఇళ్ళు వెతుకుతాను అన్నాను. మీకు బరువైతే నాకే చెప్పాలి గాని గోనెలో వెయ్యకూడదు అన్నాను. అది ఆడదని నేనే ముందు చెప్పాను. ఉరుము ఉరిమితే మంచం కింద దూరుతుందని, చిరిగిన చెవి గేలం తగిలి చిరిగిందని, అక్కడ ముడితే పళ్ళు చూపిస్తుందని చెప్పాను. ఒక్కటి దాచలేదు.

ఆయన కొడుకు అప్పలసూరి కళ్ళం ఊడుస్తున్నవాడు చీపురు ఆపి, "అయ్యా, సేపలమ్మి షరతులు పెడతంటే నువ్వు ఇంటన్నావేటి?" అన్నాడు.

"నువ్వూరుకోరా," అని నాయుడుగారు నా ముందుకి చెయ్యి చాపారు. "పట్టు. మాటిత్తన్నాను."

చేపల నీళ్ళు కారే చెయ్యి నాది. కొంగుకి తుడుచుకోబోతే, "అక్కర్లేదులే, పట్టు," అన్నారు. ఆ చేతిలో చెయ్యి వేశాను. జగ్గమ్మ గారు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

అన్నీ చెప్పానన్నానా? చెప్పాను. కాకి సంగతి అన్నిటికన్నా గొప్పగా చెప్పాను, ఆయనా గొప్పగానే విన్నారు. కాకి కావలసిన రోజు కూడా ఒకటి ఉంటుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మా పేటలో పోయినవాళ్ళ ముద్ద అలలో కలిపేస్తాం. కాకితో మాకు దొంగతనం తగువే గాని చుట్టరికం లేదు. నాకు తట్టకపోవడంలో వింతేముంది? రైతు ఇంట పుట్టిపెరిగిన ఆయనకి ఎందుకు తట్టలేదంటే, తన చావు గురించి ఎవరు తలుచుకుంటారు, పెసలు ఎండే వేళ?

మొదటి రోజు సొర నా వెనకే వచ్చేసింది. మర్నాడు తీసుకెళ్ళాను. మళ్ళీ వచ్చేసింది. అప్పుడు నా పాతచీర ముక్క ఒకటి వాళ్ళ గడ్డివాము దగ్గర పరిచి, దానికి నా చేత్తో తిండి పెట్టడం మానేశాను. నా గంపలో చేపే తీసి నాయుడుగారి చేతికిచ్చేదాన్ని, ఆయన పెట్టేవారు. అది నా వంక చూసేది, నేను ఇటు తిరిగి బేరం ఆడుకునేదాన్ని. ఆ కష్టం కుక్కకి ఎలా చెప్పను? కొన్నాళ్ళకి ఒక రోజు ఊరి పొలిమేర దాకా వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది. నేను కోరుకున్నది అదే. దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను. ఎందుకేడుస్తున్నావని అడిగినవాడినల్లా తిట్టాను.

సొర మళ్ళీ నా వెంట పడుతుందని ఆ తరవాత రెండు వారాలు ఆ ఊరి వైపు వెళ్ళలేదు. మావ అప్పటికే ఇశాపట్నం వెళ్ళిపోయాడు. నేను పాకకి తడిక కట్టి, గంప మా ఆడపడుచు అమ్మడుకి ఇచ్చేసి, బట్టల మూట నెత్తిన పెట్టుకుని నరసన్నపేటలో బస్సెక్కడానికి బయల్దేరాను. దారిలోనే కదా, సొరని ఒక్కసారి చూసి పోదామనుకున్నాను. దూరం నుంచే చూద్దాం, కనబడకూడదు అనుకున్నాను.

నాయుడుగారి వాకిట్లో మంచం లేదు. ఎదురింటి ముసలమ్మ అరుగు మీద ఉంది. "ఎవరికోసమే? నాయుడు పోనాడు కదే! కల్లంలోనే గుండె పట్టుకుని పడిపోనాడు. ఇయ్యాల పెద్దకర్మం. అందరూ ఏటికాడ ఉన్నారు," అంది.

నా తడిచేతిని పట్టుకున్న ఆ చెయ్యే కళ్ళముందు ఆడింది. "కుక్కో?" అన్నాను.

"అదీ ఆళ్ళెనకే ఎల్లినాది."

మూట ఆ అరుగు మీదే పెట్టి ఏటికి నడిచాను. నేను ఎగువ గట్టు మీంచి వచ్చాను కాబట్టి అంతా ఒక్కసారే కనబడింది. ఇసుకలో విస్తరి. అందులో అన్నం ముద్ద, గారెలు, ఆయనకి ఇష్టమైనవేవో. మనుషులుంటే కాకి వాలదని కర్మ చేయించే దాసరి అందరినీ దూరంగా కిందకి పంపేశాడు. వాళ్ళంతా తలలెత్తి తాడిచెట్ల మీద కాకుల్నే చూస్తున్నారు. విస్తరికీ వాళ్ళకీ మధ్య మొగలిపొద అడ్డు, ఇసుకలో ఏముందో చూసేవాడు లేడు.

కాకి ముట్టకపోతే పోయినవాడికి మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని వాళ్ళ నమ్మకం. ఆ కోరిక ఏదో కనుక్కోవడానికి తలొక మాట ఇస్తున్నారు. "అయ్యా, మెట్టపొలం సెక్క అమ్మనులే, రా!" అని అప్పలసూరి. "నీ మీద అలక ఒగ్గేసినాన్రా తమ్ముడా, తిను," అని ఒక ముసలి అక్క. "నీ ఎడ్లని సంతకి తోలం మావా," అని ఒక మేనల్లుడు. జగ్గమ్మ గారు ఒక్కతే ఇసుకలో చతికిలబడి ఉంది.

అప్పుడు ఒక కాకి కిందకి దిగింది. దాని నీడ విస్తరి మీద పడీ పడకముందే ఆ మొగలిపొదలోంచి గోధుమరంగు మెరుపు ఒకటి లేచింది. కాకి గోలపెట్టి పైకి పోయింది. సొర పొదలోకి వెళ్ళి మళ్ళీ మాటు వేసింది.

ఏం చెయ్యాలో ఆలోచించకుండానే "సొరా!" అని అరిచాను. అది నా గొంతు విని, పొదలోంచి బయటపడి, అందరి కళ్ళముందూ ఇసుకలో దొర్లుకుంటూ నా మీదకి దూకింది. నా మొహం నాకింది. జనం అటు తిరిగారు. ఎవరికీ ఏదీ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

"ఇదా! ఇదా కాకుల్ని ఆపుతన్నాది!" అప్పలసూరి కర్ర ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. నేను దాన్ని రెండు మోకాళ్ళ మధ్యా పెట్టుకుని కూచున్నాను. కొడితే ముందు నన్నే కొట్టాలి.

దాసరి తెలివైనవాడు. "ఆగండి బాబూ, కుక్కని పట్టుకుంటే కాకులు అవే వత్తాయి," అన్నాడు. నేను దాని మెడ గట్టిగా పట్టుకుని ఆ గట్టు మీదే కూచున్నాను. ఏం లాభం? పొద్దున్నించి దాని పళ్ళు చూసిన కాకులు కిందకి దిగుతాయా? కావుకావుమని మమ్మల్ని తిట్టుకుంటూ కొమ్మల మీదే కూచున్నాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. వాళ్ళ ఓపిక అయిపోయింది.

"ఈ కుక్క కాలెట్టిన యేళే మంచిది కాదు," అన్నాడు అప్పలసూరి. "ఇది వచ్చినాది, అయ్య పోనాడు. ఇప్పుడు అయ్య నోటికాడ కూడు కూడా లాగేసినాది." వంటకి బియ్యం తెచ్చిన గోనె ఒకటి అక్కడ ఖాళీగా పడి ఉంది. అది దులిపి చేతిలోకి తీసుకున్నాడు. "ఏరు ఇక్కడే ఉన్నాది. ఇప్పుడే దాటించేత్తాను. తప్పుకోయే!"

ఆ గోనె చూడగానే నాకు భయం పోయింది. నిజం చెబుతున్నాను, ఉన్న భయమంతా ఒక్కసారి పోయి, ఒళ్ళు మండిపోయింది.

"తప్పుకోను. మీ అయ్యకి డెబ్బై దాటినాయి. ఆయన కాలం తీరిపోతే కుక్క కాలికేటి ముడి? ఇదిగో బాబూ, నాను బస్సెక్కడానికి వచ్చినదాన్ని. ఎక్కను. ఇక్కడే కూకుంటాను. మీ అయ్య నా సేతిలో సెయ్యేసి మాటిచ్చినాడు, గోనెలో ఎయ్యనని. నువ్వూ ఉన్నావు ఆ వేళ, సీపురట్టుకుని. పొద్దుట్నించి మెట్టసెక్కన్నారు, ఎడ్లన్నారు, అలకలన్నారు. ఆయన నోటితో ఇచ్చిన మాట ఇది ఒక్కటి. దీని ఊసు ఒక్కరెత్తినారేటి? ఆయనకి కోరికేటి మిగిలినాదో నాకు తెల్దు. మాట మాత్రం మిగిలినాది, అది నాకు తెలుసు!"

"సేపలమ్మికి ఇంత నోరేటి!" అని ఎవరో అన్నారు.

"నోరు లేకపోతే సేపలెలా అమ్ముతాను?" అన్నాను.

అప్పలసూరి నా భుజం పట్టుకుని పక్కకి లాగబోయాడు. సొర గొంతులో గుర్రుమంది. అప్పుడు జగ్గమ్మ గారు లేచింది.

ఆవిడ మా దగ్గరకి రాలేదు. ముందు విస్తరి దగ్గరకి వెళ్ళింది. ముద్ద చూసింది. గారెలు చూసింది. ఇసుకలో విస్తరి చుట్టూ కుక్క అడుగులు చూసింది. విస్తరికి మూరెడు దూరంలో ఆ అడుగులు ఆగిపోయి ఉన్నాయి. అప్పుడు మా వైపు తిరిగింది.

"ఇది పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నాదా?"

"ఇక్కడే ఉన్నాదమ్మా," అన్నాను.

"ఇంట్లో పొయ్యి ఎలిగించనేదు. దీనికి ఎవరూ ఏటీ పెట్టనేదు." ఆవిడ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. "ఆకలితో ఉన్న కుక్క. గారెలు ఎదర ఉన్నాయి. ఒక్క మెతుకు ముట్టనేదు. అప్పలసూరీ, ఇది మీ అయ్య కూడు కాసినాదిరా. ఎవుడో దొంగ తినేత్తాడని కాసినాది. నువ్వేటి కాసినావురా ఆయనకి?"

ఆవిడ వచ్చి అతని చేతిలోంచి గోనె లాక్కుంది. ఇసుకలో పరిచింది. దాని మీద కూచుని, పక్కన చేత్తో తట్టింది. "సొరా," అంది. ఆవిడ నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. సొర నా మొహం చూసింది. నేను చేతులు వదిలేశాను. వెళ్ళి ఆవిడ పక్కన గోనె మీద పడుకుని, తల ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ కొంగు తీసి దాని కళ్ళమీద కప్పింది.

"ఇదిగో, ఇనపడతన్నాదా?" అంది ఆవిడ విస్తరి వైపు తిరిగి, ఆయన ఎదురుగా మంచం మీద ఉన్నట్టే. "నీ మాట నా మాట. నీ కాకి వచ్చినా సరే, రాకపోయినా సరే, ఇది మనింటి కుక్క. దీని మీద కర్రెత్తినోడు ముందు నన్ను గోనెలో కట్టాల."

ఇక చూడాలి గోల! అప్పలసూరి "అమ్మా, నీకు మతి పోనాదేటి?" అంటాడు. ముసలి అక్క "ఆడది కర్మంకాడ నోరెత్తడమేటి?" అంటుంది. నేను ఊరుకుంటానా? "మీరెత్తినారు కాదేటి పొద్దుట్నించి?" అన్నాను. మేనల్లుడు నా మీదకి వచ్చాడు. దాసరి "బాబూ, బాబూ," అని మధ్యలో తిరుగుతున్నాడు. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకుని అరుచుకుంటూ ఉండగా దాసరి ఒక్కసారి చెయ్యెత్తి, "అయ్యో, అటు సూడండి!" అన్నాడు.

విస్తరిలో గారె లేదు. ముద్ద సగం చెదిరి ఉంది. తాడిచెట్టు మీద ఒక కాకి ముక్కు తుడుచుకుంటోంది.

ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. అప్పుడు మొదలైంది అసలు తగువు. మెట్టచెక్క అమ్మనన్నాను కాబట్టే వచ్చిందని అప్పలసూరి. నా అలక పోయిందని వచ్చాడని ముసలి అక్క. మేనల్లుడు ఎడ్లన్నాడు. జగ్గమ్మ గారు మాత్రం కుక్క కళ్ళమీంచి కొంగు తీసి, నా వంక చూసింది. ఆవిడ నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

స్నానాలయ్యాక వాళ్ళింటి దాకా నడిచాను. నాకు తృప్తి లేదు, మళ్ళీ మాట కావాలి. "అమ్మా, నీ సెయ్యి కూడా ఇటియ్యి," అన్నాను. ఇచ్చింది. "ఏటేటా బాబు తద్దినం వత్తాది. ఆ ఒక్క రోజు దీన్ని వంటింట్లో పెట్టి తలుపెయ్యాల. ఇది నాను సెప్పడం మర్సిపోనాను."

"తలుపేల? నా ఒళ్ళో పెట్టుకుంటాన్లే," అంది. "నీ బస్సు ఎల్లిపోద్ది, బేగి నడు."

అరుగు మీంచి మూట తీసుకున్నాను. సొర నా వెంట వచ్చింది. ఊరు దాటాక పొలంగట్టు మొదలయ్యే చోట ఆగాను, అదీ ఆగింది. రమ్మంటే వచ్చేసేది. నాకు తెలుసు, వచ్చేసేది. నోరు గట్టిగా మూసుకున్నాను. అప్పుడే వాళ్ళ కళ్ళం మీద కాకులు దిగాయి, పెసలింకా ఎత్తలేదు కదా. సొర చెవి నిక్కింది. ఒకసారి నా వైపు చూసింది, ఒకసారి కళ్ళం వైపు చూసింది. తరవాత పరిగెత్తింది. ఎంత వేగంగా పరిగెత్తిందంటే, నేను కన్నీళ్ళు తుడుచుకుని చూసేసరికి ఒక్క కాకి లేదు.

ఇశాపట్నం బస్టాండులో మావ నిలబడి ఉన్నాడు. నా పక్క చూశాడు, వెనక చూశాడు. మూట అందుకుని, కాసేపు నసిగి, "అయితే ఒగ్గేసినావా దాన్ని?" అన్నాడు.

"ఒగ్గలేదు," అన్నాను, అక్కడున్న వాళ్ళందరికీ వినబడేటట్టు. "ఇచ్చినాను."

గదికి వెళ్ళాక మూట విప్పాను. అడుగున ఆయన ఆ వేళ తెచ్చిన గోనె ఉంది, మడత పెట్టి తెచ్చాను. గుమ్మంలో పరిచాను. మావ దాన్ని గుర్తుపట్టాడు. కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చాడు.